మారేడుమిల్లి ఘాట్‌లో అన్నయ్య కనబడని గంట

ఈ ప్రయాణం మా వదిన ఫోనుతో మొదలైంది. "కరుణా, మీ అన్నయ్య మారేడుమిల్లి కొండ మీంచి సైకిల్ మీద దిగుతారంట. నేను చెబితే వింటారా? నువ్వైనా కూడా వెళ్ళమ్మా. ఆయన్ని ఒక్కరినీ పంపించి నేనిక్కడ కూర్చోలేను" అంది. మా అన్నయ్య రత్నరాజు రాజమండ్రిలో ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. వయసు యాభై దాటింది. షుగర్ ఉందని తెలిశాక డాక్టరు నడవమంటే, నడక విసుగని గేర్ల సైకిల్ కొనుక్కున్నాడు. రోజూ పొద్దున్నే ధవళేశ్వరం దాకా గోదావరి గట్టు మీద తొక్కి వస్తాడు. కొన్నాళ్ళకి ఆ గట్టు చాల్లేదు. కొండ కావాలన్నాడు.

నేను పాలకొల్లులో లెక్కలు చెప్పే టీచర్ని. సైకిల్ నాకు కొత్త కాదు. ఇప్పటికీ కాలువ గట్టు మీంచి స్కూలుకి సైకిల్ మీదే వెళ్తాను. కానీ మా డెల్టాలో ఎత్తంటే వంతెన, పల్లమంటే ఆ వంతెన అవతలి వైపు. వదినకి సరేనని ఫోను పెట్టేశాను కానీ, ఆ రోజు నుంచే కలలో బ్రేకులు పట్టని సైకిళ్ళు రావడం మొదలైంది. ప్రతి కలలోనూ ఒక మలుపు, అవతల గోడ లేని అంచు. మెలకువ వచ్చాక చూస్తే వేళ్ళు బిగుసుకుపోయి ఉండేవి. ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు ఇది చదువుతుంటే, మీకూ భయంగా ఉంటే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని ముందే చెబుతున్నాను.

భయం వల్ల ఒక మేలు జరిగింది. దేన్నీ వదలకుండా సిద్ధమయ్యాను. రాజమండ్రిలో గేర్ల సైకిళ్ళు బాగుచేసే షాపులో రెండు సైకిళ్ళూ ఇచ్చి బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేయించాం. మట్టిలోనూ తడిలోనూ జారకుండా గళ్ళు గళ్ళుగా లోతైన అచ్చులున్న టైర్లు వేయించాం. నా సైకిల్ అద్దెది. రోజుకి ఎనిమిది వందలు. హెల్మెట్ మాత్రం అద్దెకి తీసుకోకుండా తలకి సరిపోయింది కొనుక్కున్నాను. చేతి గ్లవ్స్, మోకాలి కవచాలు, పంచరు కిట్టు, చిన్న పంపు, గాయాలకి మందులపెట్టె, ఇద్దరికీ చెరో విజిల్. అన్నయ్య నా సంచీ చూసి నవ్వాడు. "అమ్మాయ్, మనం ఎవరెస్టుకి వెళ్ళట్లేదు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

దిగడం నేర్చుకోవడానికి పెద్దాపురం వెళ్ళాం. అక్కడ పాండవుల మెట్ట మీదకి రోడ్డుంది. చిన్న కొండే అయినా పాలకొల్లు మనిషికి అది చాలు. అన్నయ్య స్నేహితుడు రాజబాబుగారు ఆ ఊళ్ళోనే పీఈటీ మాస్టారు. ఘాట్ రోడ్డు మీద చాలాసార్లు తొక్కారు. మొదటిసారి దిగినప్పుడు నేను బ్రేకులు రెండూ పట్టుకుని వదల్లేదు. కిందకొచ్చేసరికి ఇనుము మాడిన వాసన.

"మేడంగారూ, అలా పట్టుకునే ఉంటే బ్రేకులు కాగిపోతాయండి. కాగినవి పట్టవు. నొక్కండి, వదలండి, మళ్ళీ నొక్కండి. మలుపులోకి వెళ్ళాక కాదు, మలుపు రాకముందే స్పీడు తగ్గించుకోవాలి" అన్నారాయన. తర్వాత అన్నయ్య వైపు తిరిగి గట్టిగా చెప్పారు. "ఘాట్‌లో పక్కకి మట్టిదారులు కనబడతాయి, సరదాగా దిగాలనిపిస్తుంది. దిగకండి. కొన్ని అడవి డిపార్టుమెంటువి, పర్మిషన్ లేకుండా వెళ్ళకూడదు. మిగతావి అక్కడి ఊళ్ళవాళ్ళు నడిచే దారులు. పిల్లలుంటారు, మేకలుంటాయి. మన వీధిలోకి ఎవడైనా అలా దూసుకొస్తే ఊరుకుంటామా అండీ?"

ఆయన చెప్పినట్టే ప్లాన్ వేసుకున్నాం. ముందు అన్నయ్య, వెనక నేను, నా వెనక మా వ్యాను. దిగేటప్పుడు ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా ముందున్నవాళ్ళు ఆగి వెనకవాళ్ళు కనబడ్డాకే కదలాలి. మారేడుమిల్లి దాటితే ఫోన్లు సరిగ్గా కలవవు కాబట్టి మేము ఎక్కడుంటామో, ఎప్పటికి తిరిగొస్తామో వదినకి ముందే చెప్పాం. సాయంత్రం నాలుగింటికల్లా ఫోను రాకపోతే రాజబాబుగారికి చెప్పమన్నాం. వ్యాను కడియం నర్సరీలో మొక్కలు తోలే చిన్న ట్రక్కు. డీజిలుతో కలిపి నాలుగున్నర వేలకి మాట్లాడుకున్నాం. డ్రైవరు సత్తిబాబు. కొబ్బరిపీచు మూటల మధ్య సైకిళ్ళని మామిడి అంట్లని సర్దినంత జాగ్రత్తగా సర్ది తాళ్ళు కట్టాడు.

నవంబరు శనివారం. ఆదివారమైతే చర్చి మానాల్సి వస్తుందని శనివారం పెట్టుకున్నాం. పొద్దున్న ఐదున్నరకి రాజమండ్రిలో బయల్దేరాం. వదిన గేటు దాకా వచ్చి తలవంచి ప్రార్థన చేసింది. అన్నయ్యని మాత్ర వేసుకున్నారా అని అడిగింది, వేసుకున్నానన్నాడు. గోకవరం దాటాక పొలాలు అయిపోయి రోడ్డు మెల్లగా పైకి లేవడం మొదలైంది. రంపచోడవరంలో టిఫిను కోసం ఆగాం. నేను ఇడ్లీలు తిన్నాను. అన్నయ్య చక్కెర లేని టీ తాగి ఒక్క ఇడ్లీ తుంచి వదిలేశాడు. "కడుపు బరువుగా ఉంటే ఎక్కలేం. కిందకొచ్చాక బొంగు చికెన్ తిందాంలే" అన్నాడు. నా ఆలోచనంతా బ్రేకుల మీదే ఉంది. రోడ్డు పక్కన పొగమంచు చూస్తూ, ఇది కరగకపోతే ఏం చేయాలా అనుకుంటున్నాను.

రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఎనభై కిలోమీటర్ల పైమాటే. ఎనిమిదిన్నర దాటాక చేరాం. ఊరు దాటి, చింతూరు వైపు ఘాట్ మొదలయ్యే చోట వాగు మీద చిన్న వంతెన దగ్గర సైకిళ్ళు దించాం. అక్కడి నుంచి తొక్కుతూ పైకెక్కి, పైన కాసేపు ఆగి, అదే దారిన దిగి మళ్ళీ వంతెన దగ్గరకే రావాలని మా ఆలోచన. కొత్తవాళ్ళకి ఇదే మంచిది. ఎక్కేటప్పుడే ప్రతి మలుపూ చూసుకుంటాం కాబట్టి దిగేటప్పుడు ఏది ఎక్కడుందో తెలుస్తుంది. నేను నిజంగానే ప్రతి మలుపునీ చూసుకున్నాను. ఇక్కడ కంకర ఉంది, ఇక్కడ నీళ్ళు కారుతున్నాయి, ఇక్కడ అంచుగోడ విరిగింది. విరిగిన గోడ అవతల చెట్ల తలలు మాత్రమే కనబడుతున్నాయి. వాటి మొదళ్ళు ఎంత లోతులో ఉన్నాయో అని తొంగిచూడబోయి మానేశాను.

అన్నయ్య ఉత్సాహంగా ఎక్కాడు. నేను మధ్యమధ్యలో దిగి సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళాను. అతను ఒక్కసారీ దిగలేదు. గంటన్నర దాటాక పైన చదునుగా ఉన్న చోటికి చేరాం. గాలి చల్లగా ఉంది. నేను స్వెట్టరు వేసుకున్నాను. అన్నయ్య చొక్కా మాత్రం తడిసి ముద్దయింది. సీసా మూత తీయబోతే వేళ్ళు వణికాయి.

"కాసేపు కూర్చుందాం అన్నయ్యా. బిస్కెట్లు వ్యానులో ఉన్నాయి, తెప్పించనా?" అన్నాను.

"నస పెట్టకు. నీకు భయమైతే వ్యానెక్కి రా" అన్నాడు.

మా అన్నయ్య నాతో అలా మాట్లాడే మనిషి కాదు. చిన్నప్పటి నుంచీ నన్ను గదమాయించింది లేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా పిరికితనం చూసి విసుక్కున్నాడనుకున్నాను. హెల్మెట్ పట్టీ బిగించుకున్నాను. అప్పటికే అతను కదిలిపోయాడు.

దిగడం నేననుకున్నంత ఘోరంగా లేదు, అనుకున్నదానికంటే వేరేగా ఉంది. చక్రాల హోరు తప్ప ఏమీ వినబడదు. నొక్కి, వదిలి, నొక్కి, వదిలి. ఒక లారీ ఎదురొచ్చినప్పుడు ఎడమ పక్కకి పూర్తిగా ఆగిపోయాను. అది వెళ్ళాక కూడా కాళ్ళు పెడల్ మీదకి రావడానికి కాస్త టైం పట్టింది. మొదటి కిలోమీటరు రాయి దగ్గర అన్నయ్య ఆగి ఉన్నాడు. నేను చెయ్యి ఊపాను. అతను ఊపలేదు. నన్ను చూసినట్టు కూడా లేదు. ముందుకి వెళ్ళిపోయాడు.

రెండో రాయి దగ్గర లేడు.

కోపంతో ఆగకుండా వెళ్ళాడేమో అనుకున్నాను. ఇంకో రెండు మలుపులు దిగాను. "అన్నయ్యా!" అని అరిస్తే నా గొంతు కొండకి తగిలి తిరిగొచ్చింది. మూడో రాయి దగ్గరా లేడు. అక్కడ ఆగి విజిల్ ఊదాను. చెవి పెట్టి విన్నాను. కీచురాళ్ళు, ఎక్కడో నీళ్ళ చప్పుడు. ఫోను తీస్తే సిగ్నల్ లేదు. ముందుకెళ్ళాలా, వెనక్కెళ్ళాలా? ముందుంటే నేను ఆగినకొద్దీ దూరమవుతాడు. వెనక ఉంటే ఎక్కడో నేనతన్ని దాటి వచ్చేశాను. దాటి రావడమంటే అతను రోడ్డు మీద లేడని. ఆ ఆలోచన రాగానే విరిగిన అంచుగోడ కళ్ళ ముందుకొచ్చింది. అది ఇంకా కిందే ఉంది. నేను దాన్ని ఇంకా చేరలేదు.

ఆ మలుపు దాకా ఎలా వెళ్ళానో నాకు సరిగ్గా గుర్తులేదు. సైకిల్ పడేసి గోడ దగ్గరకి పరుగెత్తి, పొద్దున్న చూడలేనిది ఇప్పుడు చూశాను. చెట్లు. రాళ్ళు. అన్నయ్య నీలం చొక్కా ఎక్కడా లేదు. "ప్రభువా, ప్రభువా" అంటున్నాను, అంతకుమించి ప్రార్థన రావట్లేదు. మళ్ళీ సైకిలెక్కి వంతెన దాకా దిగాను. అక్కడ కారు ఆపుకుని ఫోటోలు తీసుకుంటున్న కుటుంబాన్ని అడిగాను. "సైకిల్ మీద ఎవరూ రాలేదండి. అరగంట నుంచీ ఇక్కడే ఉన్నాం" అన్నారు.

కాసేపటికి, లారీలకి దారిస్తూ వెనకబడిన మా వ్యాను వచ్చింది. సత్తిబాబు తల బయటపెట్టి "రాజుగారేరండీ?" అన్నాడు. వెనక వచ్చిన అతనికీ కనబడలేదు, ముందొచ్చిన నాకూ కనబడలేదు.

"కంగారు పడకండి మేడంగారూ, ఎక్కండి. మెల్లగా పైకెళ్దాం. మీరు లోయ వైపు చూడండి, నేను కొండ వైపు చూస్తాను" అన్నాడు సత్తిబాబు. అతను హారన్ కొడుతూ, నేను విజిల్ ఊదుతూ పైకెక్కాం. ప్రతి మలుపులో దిగి చూశాం. ఒక్కో మలుపు ఖాళీగా కనబడినప్పుడు గుండె తేలికయ్యేది, వెంటనే తర్వాతి మలుపు గుర్తొచ్చి బిగుసుకునేది. వదినతో ఏం చెప్పాలి? ఆవిడ నన్ను పంపింది ఇందుకేనా?

మొదటి రాయికీ రెండో రాయికీ మధ్య కొండ వైపు ఒక మట్టిదారి చీలింది. రాజబాబుగారు వద్దన్నలాంటి దారి. అన్నయ్య ఆ దారిలోకి వెళ్తాడని నాకు తోచలేదు. అయినా దిగాను. రాత్రి మంచుకి మట్టి మెత్తగా ఉంది. అందులో గళ్ళు గళ్ళుగా టైరు అచ్చు. షాపులో ఆ టైరు ఎంచుకున్నది నేనే. అచ్చు తిన్నగా లేదు. పాము పాకినట్టు అటూ ఇటూ పోయింది.

"సత్తిబాబూ, ఇటు!" అని అరిచి పరుగెత్తాను.

కొంచెం లోపల, దారి పక్కన సైకిల్ పడి ఉంది. దానికి కాస్త అవతల రాయికి ఆనుకుని అన్నయ్య కూర్చున్నాడు. హెల్మెట్ తల మీదే ఉంది. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది. పక్కన విస్తర్లు కుట్టే అడ్డాకుల మోపు దించుకుని ఒకావిడ గొంతుక్కూర్చుని కొంగుతో అతని మొహం తుడుస్తోంది.

"మీవోడేనా అమ్మా? పిలిస్తే చూత్తన్నాడు గానీ మాటాడ్డం లేదు. మా ఊరోళ్ళని కేకేత్తామని లేవబోతన్నా, ఇంతలో మీ ఈల వినబడింది" అంది.

"అన్నయ్యా!" అన్నాను. అతను నా వైపు చూశాడు. "ఇంటికి వెళ్తున్నా. ఇటేగా?" అన్నాడు. మాట ముద్దగా ఉంది. ఒళ్ళు మంచులా చల్లగా, చెమటతో జారుతోంది.

అప్పుడు తట్టింది నాకు. తాగిన మనిషిలా అలా మాట్లాడటం, వణుకు, చెమట, పైన విసుక్కోవడం. మా స్కూల్లో షుగరున్న ఒక టీచరుగారు ఒకసారి ఇలాగే అయ్యారు. అన్నయ్య రక్తంలో చక్కెర పడిపోయింది. బిస్కెట్లు తేవడానికి సత్తిబాబు వ్యానుకి పరుగెత్తాడు. తిరిగొచ్చేటప్పుడు తాను తాగుతూ పక్కన పెట్టుకున్న కూల్‌డ్రింకు సీసా కూడా తెచ్చాడు. "ఇది తియ్యగుంటదండి" అన్నాడు. అన్నయ్యకి మెలకువ ఉంది, మింగగలుగుతున్నాడు. అది చూసుకున్నాకే గుక్క గుక్కగా తాగించాను. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదని ఆ టీచరుగారి విషయంలోనే తెలుసుకున్నాను. సీసా సగమయ్యాక కూడా ఏమీ మారలేదు. నేను సీసా పట్టుకుని అతని కళ్ళలోకే చూస్తూ ఉన్నాను. అడ్డాకులావిడ లేవలేదు. అతని వీపుకి తన భుజం ఆనించి కూర్చుంది.

కాసేపటికి అన్నయ్య నా వైపు తిరిగి, "కరుణా, ఏంటి ఇక్కడున్నాం?" అన్నాడు. అప్పటిదాకా ఏడవని నేను అప్పుడు ఏడ్చాను.

బిస్కెట్లు తినిపించి వ్యానెక్కించాం. ఆవిడ పేరు అడిగితే లచ్చిమి అని చెప్పింది. ఎంత పిలిచినా వ్యానెక్కలేదు. "నా దారి ఇటే" అని మోపెత్తుకుని వెళ్ళిపోయింది. మారేడుమిల్లి ఆసుపత్రిలో డాక్టరమ్మ వేలి చివర రక్తం తీసి చూసింది. అంత తాగి తిన్నాక కూడా షుగర్ తక్కువే ఉంది. "మాత్ర వేసుకున్నారు, తినలేదు, కొండెక్కారు. పడిపోక ఏమవుతుందండి? ఈ మాత్రతో మళ్ళీ పడొచ్చు. సాయంత్రం దాకా ఇక్కడే ఉండండి" అంది.

మంచం మీద అన్నయ్య నా చెయ్యి పట్టుకుని, "మీ వదినకి చెప్పకు. కంగారు పడుద్ది" అన్నాడు. నేను బయటికొచ్చి ఫోను చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది.

"వదినా, అన్నయ్య బానే ఉన్నాడు. షుగర్ తగ్గి..."

"నాకు తెలుసు" అంది. గొంతు బొంగురుపోయి ఉంది. "తొమ్మిది దాటాక వంటింట్లో గిన్నెలు తోమబోయి చూస్తే ఉప్మా గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. తినేశానని చెప్పి వెళ్ళారమ్మా. అప్పట్నుంచీ ఫోను చేస్తూనే ఉన్నాను. ఆయనదీ కలవట్లేదు, నీదీ కలవట్లేదు. మనిషి మాట్లాడుతున్నారా?"

"మాట్లాడుతున్నాడు వదినా."

"ఇవ్వు."

ఫోను తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ ఏమందో నాకు వినబడలేదు. అన్నయ్య "ఆఁ" అన్నాడు. కాసేపాగి మళ్ళీ "ఆఁ" అన్నాడు. తర్వాత మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. బాగా రాత్రయ్యాక వ్యానులో ముగ్గురం పక్కపక్కన కూర్చుని రాజమండ్రి చేరాం. సత్తిబాబు దారంతా బండి చాలా నెమ్మదిగా తోలాడు.

ఇంటికొచ్చాక చాలా ఆలోచించాను. నేను నెల రోజులు భయపడ్డాను, కానీ నా భయమంతా ఇనుము మీద, రాళ్ళ మీద, మలుపుల మీద ఖర్చయిపోయింది. బ్రేకులు బాగానే పనిచేశాయి. టైర్లు జారలేదు. లోయ ఎవరినీ మింగలేదు. ప్రమాదం నా పక్క సీట్లో కూర్చుని, ఒక్క ఇడ్లీ తుంచి, టీ తాగింది. దాన్ని చూసింది ఎనభై కిలోమీటర్ల దూరంలో వంటింట్లో గిన్నె మూత తీసిన మా వదిన ఒక్కతే. ఆ పొద్దుటి నుంచి ఫోను వచ్చేదాకా ఆవిడ ఒంటరిగా ఎలా గడిపిందో తలుచుకుంటే, నేను కొండ మీద పడ్డ భయం చిన్నదనిపిస్తుంది. అన్నయ్య సైకిల్ మానలేదు. ప్రస్తుతానికి గట్టు మీదే, తినేసి వెళ్తున్నాడు. నేను మళ్ళీ ఆ ఘాట్ ఎక్కుతానో లేదో తెలియదు. ఎక్కితే భయపడుతూనే ఎక్కుతాను.

వెళ్ళేవాళ్ళకి ఒకే ఒక్క మాట. సైకిలెక్కే ముందు అందరూ ఒకచోట నిలబడి, ఎవరు ఏ మందు వేసుకున్నారో, ఏం తిన్నారో పైకి చెప్పుకోండి. షుగర్ మాత్ర వేసుకునేవాళ్ళుంటే గ్లూకోజు పొట్లం వ్యానులో కాదు, వాళ్ళ జేబులో ఒకటి, వాళ్ళ వెనక వచ్చే మనిషి జేబులో ఒకటి పెట్టండి.